అయ్యా, మా ఇంటిని ఓసారి తనిఖీ చేయండి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇళ్ల ప్లాన్లు చూసే అధికారులకు, ఇంజనీర్లకు నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నా ఒడియా సంతలో బేరాలకి సరిపోతుంది గానీ ఆఫీసు ఉత్తరానికి చాలదు. మా వీధి చివరుండే మాస్టారు దీన్ని ఒడియాలోకి మారుస్తానన్నారు, ఆ ప్రతి మీకు విడిగా అందుతుంది. తెలుగు ప్రతిని మాత్రం నలుగురూ చదువుతారని బయట పెడుతున్నాను. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్లు కొందరు కంటైనర్‌తో ఇల్లు కట్టుకోవాలని చూస్తున్నారు. నెలకి ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేస్తారు. మీతో చెబుతుంటే వాళ్లూ వింటారు కదా అని.

మా ఊరి పేరు రాయడం లేదు. మహేంద్రగిరికి ఇటుపక్క, ఆంధ్రా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉంటుందని మాత్రం చెబుతాను. పేరు రాస్తే ఏ ఆఫీసో, ఏ బల్లో తెలిసిపోతుంది. ఆ బల్ల దగ్గర కూర్చునే బాబు మీద నాకు పితూరీ ఏమీ లేదు. ఆయన చేతిలో ఉన్న కాగితంలో నా ఇంటికి చోటు లేదు, అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వేరుపడినప్పుడు గీసిన గీతకి మా తాత ఇల్లు ఇటు పడింది, కొబ్బరితోట అటు ఉద్దానంలో పడింది. ఎటూ కాకుండా ఉండటం మా ఇంట్లో కొత్తేమీ కాదు.

నేను విశాఖపట్నంలో కంటైనర్లు బాగుచేసే యార్డులో పందొమ్మిదేళ్లు వెల్డర్‌గా పనిచేశాను. అక్కడ కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది, ఆ మరుసటేడు నేను చేరాను. సొట్టలు తియ్యడం, తుప్పు పట్టిన చోట ముక్క కోసి కొత్త ముక్క అతకడం, తలుపు రబ్బర్లు మార్చడం, నేల ప్లైవుడ్ వెయ్యడం, ఇదీ పని. ఆ డబ్బా ఎక్కడ గట్టిదో ఎక్కడ బోలుదో నా చేతికి తెలుసు. మీ ముందు ఇంత ధైర్యంగా మాట్లాడటానికి నాకున్న అర్హత అదొక్కటే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంది. ఇంటి మీద ఏడు సిమెంటు రేకులుండేవి. మూడు ముక్కలై మా కళ్లంలోనే పడ్డాయి, మూడు పక్కవాళ్ల పొలంలో దొరికాయి, ఏడోది ఎక్కడుందో ఈనాటికీ తెలీదు. అమ్మ గుంజని పట్టుకుని తెల్లారేదాకా కూర్చుందట. అంతకుముందు 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర దాటినప్పుడూ ఇదే కథ, కాకపోతే అప్పుడు ఎగిరింది తాటాకు. మాకు అక్టోబరు వచ్చిందంటే దసరా ముందొస్తుందో తుపాను ముందొస్తుందో తెలీదు. నేను ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేసినప్పుడు ఒకటే అనుకున్నాను, ఈసారి పైకప్పు ఎగరకూడదని.

కంటైనర్ చవకని కొన్నానని అందరూ అనుకుంటారు. ఫోన్ చేసేవాళ్లకి ముందు ఇదే చెబుతాను: చవక కాదు. డబ్బాకి ఒక రూపాయి పెడితే దాన్ని మనిషి ఉండే ఇల్లు చెయ్యడానికి రెండు రూపాయలు పెట్టాను, అదీ వెల్డింగ్ కూలి నాదే కాబట్టి. చవక కోసమైతే ఇటుకే మేలు. నేను కొన్నది దాని ఎముకల కోసం. నాలుగు మూలల స్తంభాలూ, వాటి కొసల్లో పోతపోసిన ఇనుప గడ్డలూ ఉన్నాయే, వాటి మీద నిండు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి సముద్రం మీద ఊపుకుంటూ తీసుకెళ్తారు. మా డబ్బా తలుపు మీద బిగించిన ప్లేటులో పేర్చగల బరువు 192,000 కిలోలని ఉంది. మా ఊళ్లో ఏ స్లాబుకీ ఇంత రాతకోతలున్న పూచీ లేదు.

ఆ ప్లేటు సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1972లో దేశాలన్నీ కూర్చుని కంటైనర్ల భద్రతకి ఒక ఒప్పందం చేసుకున్నాయి, ఆ ప్లేటు దాని ప్రకారం పెట్టిందే. ఎప్పుడు తయారైందీ, ఎంత బరువు మొయ్యగలదీ, పక్కకి ఎంత బలంతో తోసి పరీక్షించిందీ దాని మీద ఉంటాయి. నేల చెక్కకి ఏ పురుగుమందు పట్టించారో కూడా అక్కడే ఉంటుంది. ఫోన్ చేసేవాళ్లు ఈ చివరిది చూడకుండా కొనేస్తున్నారు. ఆ చెక్క మీద పిల్లలు పాకుతారు బాబూ. నేను ఆ 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మొత్తం పీకేసి, సిమెంటు ఫైబర్ బోర్డు పరిచి మీద టైలు వేశాను, అదే మందంలో, ఒక్క మిల్లీమీటరు పెరగనీకుండా. మిల్లీమీటర్ల మీద నాకెందుకంత పట్టింపో కాసేపట్లో చెబుతాను. కొనేటప్పుడు చూడాల్సిన ఇంకో కాగితం, కస్టమ్స్ సుంకం కట్టినట్టు రుజువు. ఈ డబ్బాలు చాలావరకు విదేశీ కంపెనీలవి. సరుకు దించి తిరిగి వెళ్లిపోవాల్సిన లెక్కన సుంకం లేకుండా దేశంలోకి వస్తాయి. ఇక్కడే అమ్మాలంటే సుంకం కట్టాలి. ఆ కాగితం లేని డబ్బా కొంటే ఇల్లు మనదే గానీ గోడలు మనవి కావు.

మాది నలభై అడుగుల హైక్యూబ్, అంటే మామూలు డబ్బా కంటే అడుగు ఎత్తైన రకం. విశాఖ నుంచి పదహారో నంబరు హైవే మీద ట్రైలర్‌లో ఇచ్ఛాపురం దాటి, గిరిసోల గేటు దాటి వచ్చింది. హైవే దాకా రాజాలా వచ్చింది గానీ మా ఊరి మొగలో ట్రైలర్ తిరగలేదు. అక్కడే దించి రెండు హైడ్రా క్రేన్లు చెరో కొస పట్టుకుని పల్లకీ మోసినట్టు మోసుకొచ్చాయి. లైన్‌మన్ గంటన్నర కరెంటు తీశాడు. పిల్లలందరూ వెనకాలే ఊరేగింపుగా వచ్చారు. అమ్మ అరుగు మీద నిలబడి చూసి, "ఓలమ్మ, ఇదేటిరా, రైలుపెట్టి పట్టుకొచ్చినావు?" అంది.

స్థలం విషయంలో నా దగ్గర లోపమేమీ లేదని ఇక్కడే రాస్తున్నాను. మా నాన్న పేరున ఉన్నది శారద కిసం, అంటే వరిపొలం. 1960 భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్లో దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ఘరబారిగా, అంటే ఇంటి స్థలంగా, మార్పించుకున్నాకే కొలతలు వేయించాను. పొలం మీదే డబ్బా పెట్టేసి తర్వాత చూసుకుందామనుకునేవాళ్లకి చెబుతున్నాను, ముందు కిసం, అంటే భూమి రకం, మార్చుకోండి. డబ్బా ఏదైనా భూమి మాత్రం రికార్డులో ఇంటి భూమి అయి ఉండాలి. ఆ పని సాఫీగానే జరిగింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది.

ప్లాను దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నారు. కంప్యూటర్ షాపు కుర్రాడు ఫారం తెరిచాడు. గోడ దేనితో కడుతున్నారన్న చోట ఇటుక, రాయి, కాంక్రీటు వరసగా ఉన్నాయి. ఇనుప పెట్టె లేదు. కుర్రాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. చివరికి పైకప్పు దగ్గర 'రేకు' నొక్కాడు. తిత్లీలో ఎగిరిపోయిన రకమే మళ్లీ మా ఫారంలోకి వచ్చి కూర్చుంది.

కొన్నాళ్లకి ఒక కుర్ర ఇంజనీరు వచ్చారు. మా చిన్నోడి వయసుంటుంది. గోడని వేలి కణుపుతో తట్టారు, టంగుమంది. "ఎయిటా ఘర నుహె" అన్నారు. ఇది ఇల్లు కాదు అని. మాటలో వెటకారం లేదు, చూసింది చెప్పారు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఇనుప టేపు పైకప్పుకి ఆనించి కిందికి వదిలారు. 2.69 మీటర్లు. చెమట తుడుచుకుని రెండో కొస దగ్గరికెళ్లి మళ్లీ కొలిచారు. అక్కడా 2.69.

జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం మనుషులుండే గది ఎత్తు నేల నుంచి కప్పు అడుగు దాకా 2.75 మీటర్లకి తగ్గకూడదు. ఆరు సెంటీమీటర్లు తక్కువ. నా మూడు వేళ్లు పక్కపక్కన పెడితే ఉండేంత. అంతటితో అయిపోలేదు. ఇంట్లో మొదటి గది కనీసం 9.5 చదరపు మీటర్లుండాలి, వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు. కంటైనర్ వెడల్పు బయట 2.44, లోపల 2.35. అక్కడ ఐదు సెంటీమీటర్లు. ప్రపంచమంతా ఒకే కొలతకి చేసిన డబ్బా ఇది, రేవుల్లో క్రేన్లూ ఓడల్లో అరలూ ఆ కొలతకే ఉంటాయి. మన నియమావళి రాసినవాళ్లకి ఈ డబ్బా గుర్తులేదు, డబ్బా చేసినవాళ్లకి మన నియమావళి తెలీదు. మధ్యలో నేను.

"కప్పు కోసి ఎత్తలేరా?" అని అడిగారు. కోస్తే దాని బలమే పోతుందన్నాను. "నేల తగ్గించలేరా?" నేల కింద అడ్డపట్టీలున్నాయి, వాటి మీదే మొత్తం నిలబడిందన్నాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. టీ తాగి వెళ్లేటప్పుడు మెల్లగా ఒక మాట చెప్పారు. స్టోర్ రూముకి 2.2 మీటర్లు చాలు, స్నానాలగదికి 2.1 చాలు, డబ్బాని స్టోరూ స్నానాలగదీ అని రాసి, దాన్నానుకుని ఇటుకలతో ఒక హాలు కట్టి అదే ఇల్లని చూపించండి అని. ఆయన మేలు కోరే చెప్పారు. హాలు కట్టాను, వాలు కప్పు వేశాను, వంట అందులోనే. డ్రాయింగూ అలాగే మార్చి పెట్టాను. కాబట్టి ఈ రోజుకి మీ కాగితాల్లో డెబ్భై నాలుగేళ్ల మా అమ్మ స్టోర్ రూములో పడుకుంటోంది.

ఆ డ్రాయింగు ఇంకా తేలలేదు. ఈలోగా ఇంకో బల్ల దగ్గర ఇంకో మాట చెప్పారు: "ఇది తాత్కాలిక కట్టడం, ఎత్తితే పోతుంది, దీనికి పర్మిషన్ ఎందుకు, వెళ్లి ఉండండి." నోటిమాటే, కాగితం లేదు. విన్నవాళ్లందరూ అదృష్టవంతుడివన్నారు. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట మీదే. మీరు కాదన్నందుకు నాకు బాధ లేదు. చూడకుండా సరేనన్నందుకే భయం.

ఎందుకో లెక్క చెబుతాను. కట్టడాల మీద పడే గాలి బలం లెక్కకట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో మన తూర్పుతీరానికి రాసిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన గాలి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. మా డబ్బా పక్కగోడ పొడవు 12.19, ఎత్తు 2.9 మీటర్లు, వెరసి 35 చదరపు మీటర్లు. గాలి దాన్ని అయిదు టన్నులకి పైగా తోస్తుంది. ఖాళీ డబ్బా బరువు నాలుగు టన్నుల లోపు. అడుగు వెడల్పేమో ఎనిమిదడుగులే. ఊరికే ఇటుకల మీద పెట్టిన డబ్బా ఆ గాలికి జరుగుతుంది, లేదా పొర్లుతుంది. ఫైలిన్ అయితే ఆ లెక్క దాటి 200 కిలోమీటర్ల పైన వీచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టిన మర్నాడు నేను యార్డుకి వెళ్లాను. వరసగా పేర్చిన ఖాళీ డబ్బాలు అగ్గిపెట్టెలు చెదిరినట్టు పడున్నాయి. ఒకటి తలకిందులై, నాలుగు మూలలూ ఆకాశానికెత్తి, తాబేలులా ఉంది. వాటిలో సరుకు కూడా లేదు. మనుషులుంటే?

డబ్బా గట్టిదే, సందేహం లేదు. కానీ గట్టి డబ్బా దొర్లితే లోపలి మనిషికి మిగిలేదేమీ ఉండదు. బలమంతా దాన్ని భూమికి కట్టడంలో ఉంది. మేము ఆరు చోట్ల గొయ్యి తవ్వి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరుంబావు లోతు కాంక్రీటు దిమ్మలు పోశాం. ఒక్కొక్కటి మూడు టన్నులు. దిమ్మలో ఇనుప ప్లేటు పాతి, దాని మీద డబ్బా మూలల్ని, మధ్యలో కింది పట్టీని వెల్డు చేశాం. నాలుగో దిమ్మ పోసే రోజున మేస్త్రీ లేడని అతని బావమరిది వచ్చాడు, కంకర ఎక్కువ సిమెంటు తక్కువ వేశాడు. నేను చూసుకోలేదు. మూడో రోజున సుత్తితో కొడితే పెచ్చు ఊడింది, పగలగొట్టి మళ్లీ పోశాం. ఇది నేను వెల్డర్ని కాబట్టి, అనుమానపు మనిషిని కాబట్టి తెలిసింది. తాత్కాలికం అనిపించుకున్న డబ్బాల దగ్గర ఇలా సుత్తి పట్టుకుని కొట్టి చూసేదెవరు? ఎవరూ లేరు. మీ ఆఫీసులో ఆరు సెంటీమీటర్లు కొలిచే టేపుంది గానీ, దిమ్మ లోతెంతని అడిగే గడి ఫారంలో నాకు కనిపించలేదు.

నా తప్పు ఇంకోటి ఉంది, అదీ చెప్పేస్తాను. హాల్లోకి దారి కోసం పక్కగోడలో ఎనిమిదడుగుల వెడల్పున కోశాను. ఆ గోడ ముడతల రేకు చూడ్డానికి తెరలా ఉంటుంది. కానీ పైనున్న సన్నటి పట్టీ వంగకుండా ఆపేది ఆ రేకే. పందొమ్మిదేళ్లు ఈ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పినవాణ్ణి, నా ఇంటి దగ్గరికొచ్చేసరికి ముందు ఫ్రేము పెట్టకుండా గ్రైండర్ పట్టుకున్నాను. చివరి అంగుళం తెగుతుండగా "కిర్ర్" మని ఒక చప్పుడొచ్చింది. పని ఆపేసి నిలబడ్డాను. పైపట్టీ వేలెడు కిందికి దిగింది. అటు కొసనున్న పెద్ద తలుపు బిగుసుకుపోయి ఇద్దరం లాగినా రాలేదు. జాకీ పెట్టి లేపి, చుట్టూ బాక్సు సెక్షన్ ఫ్రేము వెల్డు చేసేదాకా రెండు రాత్రులు నిద్రలేదు. డ్రాయింగులో ఏ గోడ ఎంత కోస్తున్నారో, కోసినచోట ఏం పెడుతున్నారో అడిగే మనిషి ఒక్కరుంటే ముందే ఆగేవాణ్ణి. అందుకే తనిఖీ చేయండి అని బతిమాలుతున్నాను.

వేడి గురించి అందరూ అడుగుతారు. మే నెలలో ఇనుప డబ్బాలో ఎలా ఉంటారని. మామూలుగా అయితే ఉండలేరు. లోపలివైపు వేడి ఆపే పొర వేస్తే వెడల్పు ఇంకా తగ్గుతుంది, ఎత్తు ఇంకా తగ్గుతుంది. అందుకని నేను బయటవైపు రాక్‌వూల్ వేసి దాని మీద బోర్డు కొట్టాను. పైన అడుగు ఖాళీ వదిలి ఇంకో కప్పు వేశాను, గాలి మధ్యలోంచి పోయేలా. ఆ పై కప్పు జె బోల్టులతో దగ్గరదగ్గరగా, అంచుల్లో ఇంకా దగ్గరగా బిగించాను. లేకపోతే మళ్లీ అదే ఏడో రేకు కథ. ఇంకో శత్రువు చెమట. శీతాకాలం తెల్లవారుజామున లోపలి తేమ చల్లటి ఇనుముకి తగిలి నీళ్లయి కారుతుంది, మంచం మీద వాన పడ్డట్టుంటుంది. గాలి ఆడాలి. నియమావళిలో ఉక్కపోత వాతావరణానికి కిటికీల వైశాల్యం నేలలో ఆరో వంతుండాలని రాశారు, మాకు అది బైబిలే అయింది. ఆరో వంతుకి ఒక పిసరు ఎక్కువే పెట్టాను. కొలుచుకోండి.

ఇనుప ఇల్లు కాబట్టి కరెంటు సంగతి కూడా. రెండు ఎర్తు గుంతలు తీశాను, కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడిపోయే స్విచ్చి పెట్టాను. కరెంటు ఆఫీసులో మాత్రం ఇంటి కాగితం చూపిస్తేనే ఇంటి కనెక్షన్ అన్నారు, అది లేక తాత్కాలిక మీటరు మీద ఎక్కువ రేటు కడుతున్నాను. బ్యాంకులో, ఎత్తుకుపోయే వస్తువు మీద ఇంటి లోను ఎలా ఇస్తామన్నారు. పద్దెనిమిది టన్నుల కాంక్రీటు వెంటేసుకుని ఎవరెత్తుకుపోతారో!

ఇక మీరు చెయ్యగలిగింది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. అదే జాతీయ నియమావళి రెండో భాగంలో, ఈ కోడ్‌లో పేర్కొనని సామగ్రినీ కట్టే పద్ధతినీ అడ్డుకోవడం కోడ్ ఉద్దేశం కాదనీ, చాలినంత భద్రత ఉందని తేలితే అధికారి ఒప్పుకోవచ్చనీ ఉంది. మన రాష్ట్రం 2020లో తెచ్చిన ప్రణాళిక, భవన ప్రమాణాల నిబంధనలు కూడా కట్టడం భద్రతకి ఆ కోడ్‌నే చూపిస్తాయి. తలుపుంది, గడియ మీ చేతిలో ఉంది. కేంద్రంలో కొత్త కట్టుబడి పద్ధతుల్ని పరీక్షించి ధ్రువపత్రాలిచ్చే బీఎంటీపీసీ అనే సంస్థ 1990 నుంచీ ఉంది. 2021 జనవరి 1న ప్రధాని ఆరు నగరాల్లో కొత్త పద్ధతుల ఇళ్లకి పునాది వేశారు, అందులో అగర్తలాలో కట్టినవి ఉక్కు చట్రాల ఇళ్లే. అగర్తలాలో ఇల్లయిన ఉక్కు మన జిల్లాలో షెడ్డు ఎందుకవ్వాలి?

మాకు కావలసింది ముందుగా ఒక కాగితం. ఇది ఇల్లు అంటారో, కాదంటారో, ఏదైనా సరే, రాసివ్వండి. కాదని రాసిచ్చినా మంచిదే, ఏం మారిస్తే ఇల్లవుతుందో అడగడానికి చేతిలో ఒకటుంటుంది. నోటిమాట 'తాత్కాలికం' మాత్రం వద్దు. మనుషులు రాత్రి పడుకునే డబ్బా ఏదైనా సరే, దిమ్మలెన్ని, లోతెంత, మూలలు దేనితో కట్టారు, గోడ ఎంత కోశారు, కోసినచోట ఏ ఫ్రేము పెట్టారు, సుంకం కాగితమూ ప్లేటూ ఉన్నాయా, ఎర్తు ఉందా అన్నవి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో అడగండి. ఫీజు పెట్టండి, కడతాం. ఆ ఆరు సెంటీమీటర్ల సంగతి, ఏసీ గదికి 2.4 మీటర్లు చాలని అదే పుస్తకం ఒప్పుకుంటోంది. ఆరో వంతు కిటికీలుండి, పైన రెండో కప్పున్న హైక్యూబ్‌కి 2.69 ఒప్పుకుంటే ఎవరికీ ఊపిరాడకుండా పోదు. మామూలు ఎత్తు డబ్బాలో లోపల 2.39 మాత్రమే ఉంటుంది, దాన్ని ఒప్పుకోమని నేనడగను. అది నిజంగానే స్టోర్ రూము. ఇరవై అడుగుల డబ్బా ఒక్కదాన్ని ఇల్లని చూపించేవాళ్లనీ ఒప్పుకోవద్దు. బయటి కొలతకే అది 15 చదరపు మీటర్లకి రాదు, పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ ఇంటికే 25 ఉండాలి. మనవాళ్లకి ఈ మాట నచ్చకపోవచ్చు, ఫోన్లు తగ్గితే తగ్గనీ.

మరొకటి చిన్నది. ఈ రూలు రాసినప్పుడు నోటీసు బోర్డు మీద ఒడియా పక్కన తెలుగులో కూడా ఒక కాగితం అంటించండి. సరిహద్దు ఊళ్లలో ముసలాళ్లు తెలుగే చదువుతారు, ఇళ్లు కట్టేది కుర్రాళ్లయినా తవ్వే చోటు చూపించేది వాళ్లే.

మా ఇంటికి పంచాయతీ నంబరు ఇంకా లేదు. అయితే డబ్బాకి పుట్టుకతో వచ్చిన నంబరుంది, నాలుగక్షరాలు, ఏడంకెలు, అందులో చివరి అంకె మిగతావి తప్పు రాశారేమో పట్టిచ్చే అంకె. రంగు వేసినప్పుడు అమ్మ దాన్ని చెరపనివ్వలేదు. పోస్ట్‌మన్ ఇప్పుడు ఆ నంబరు చూసే ఉత్తరాలు వేస్తున్నాడు.

ఈసారి వచ్చే ఇంజనీరు బాబు టేపుతో పాటు ఒక సుత్తి కూడా తెచ్చుకోవాలని మనవి. నాలుగో దిమ్మ ఈశాన్యం మూలనుంది. దాని మీద అమ్మ తులసికుండీ పెట్టింది, జరిపించి ఉంచుతాను. దసరా లోపు వస్తే మంచిది.

ఇట్లు,
మీ ఫైల్లో 'రేకు కప్పు, స్టోరు, స్నానాలగది' అని ఉన్న ఇంటి యజమాని